మట్టి బొమ్మలు చేస్తున్నారా? మీ ఊపిరితిత్తులు జాగ్రత్త!

రెండేళ్ల క్రితం, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక రిటైరైన టీచరుగారు దగ్గుతో నా దగ్గరకు వచ్చారు. వయసు అరవై దాటింది. పుట్టింది బందరు దగ్గర, మెట్టింది కర్నూలు. మూడు నెలలుగా పొడి దగ్గు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. కళ్లె పరీక్ష చేయించాను; క్షయ క్రిములు కనిపించలేదు. ఎక్స్‌రే తీయించాను, చెప్పుకోదగ్గ మచ్చలేవీ లేవు. దగ్గు మందు రాసి పంపించాను. పదిహేను రోజులకు మళ్లీ వచ్చారు. మందు మార్చాను.

మూడోసారి వచ్చినప్పుడు సంచీలోంచి కాగితంలో చుట్టిన వస్తువొకటి తీసి నా టేబులు మీద పెట్టారు. మట్టితో చేసి, కాల్చి, నీలం ఆకుపచ్చ కలిసిన మెరుపు పూత పూసిన శంఖం. నిజం శంఖమేమో అనుకున్నాను.

"సముద్రం చూసి చాలా కాలమయింది డాక్టరుగారూ. చూడాలనిపించినప్పుడల్లా ఇట్లాంటిదొకటి చేసుకుంటాను. తాబేళ్లు, పీతలు, అలలు కూడా చేశాను" అన్నారు.

"ఎక్కడ కూర్చుని చేస్తారమ్మా?" అని అడిగాను.

"వెనక గదిలో. కిటికీ తెరిస్తే ఈ ఊరి గాలికి మట్టి గంటలో ఎండి పగుళ్లిస్తుంది. అందుకని తలుపులన్నీ మూసేస్తాను."

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లి చూశాను. చిన్న గది. మూసిన కిటికీ. పైన ఫ్యాను. ఒక మూల తెల్లటి పొడులున్న బస్తాలు. ఎండిన బొమ్మలను ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తారట. సాయంత్రం పనిమనిషి చీపురుతో ఊడుస్తుందట. నాలుగేళ్ల మనవడు ఆ నేల మీదే కూర్చుని మట్టి ఉండలు చేసుకుంటున్నాడు. కిటికీ సందులోంచి పడుతున్న ఎండలో దుమ్ము తేలుతూ కనిపిస్తూనే ఉంది.

ముప్పయ్యేళ్లుగా వైద్యం చేస్తున్నవాణ్ణి. "మీరు రోజంతా ఏం పని చేస్తుంటారమ్మా?" అని మొదటి రోజే అడగవలసినవాణ్ణి. రిటైరైన టీచరు కదా, ఇంట్లో కూర్చునే మనిషి కదా అనుకుని అడగలేదు. ఆ తప్పు నాది. ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లోనే పనివారి జబ్బుల మీద ఒక పుస్తకం రాసి, రోగిని తప్పక అడగవలసిన ప్రశ్నల్లో "నీ వృత్తి ఏమిటి?" అన్నది చేర్చమన్నాడు. ఆ పుస్తకంలో కుమ్మరుల గురించి కూడా ఉంది. కుండలకు పూత కోసం సీసం నూరేవారికి మొదట చేతులు పట్టు తప్పుతాయని, తర్వాత ఒళ్లంతా చెడుతుందని రాశాడు. మూడు వందల ఏళ్ల కిందటి పాఠం నాకు మూడోసారికి గాని గుర్తు రాలేదు.

ఈ వ్యాసం అందుకోసమే. మట్టి పని ఇప్పుడు కుమ్మరివాడలోనే కాదు, చాలామంది ఇళ్లల్లోకి వచ్చింది. మంచిదే. మన ప్రాంతానికి ఈ కళ కొత్తదేమీ కాదు. బనగానపల్లె దగ్గరి పాతపాడులో వేల ఏళ్ల నాటి రంగు గీతల కుండలు దొరికాయి. పలమనేరు మట్టి బొమ్మలు ఈనాటికీ పేరున్నవే. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ దంపతులు 1971లో పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఎందరికో ఈ విద్య నేర్పింది. గూడూరులో ప్రభుత్వమే సిరామిక్ విద్య నేర్పుతున్నది. చేయవద్దని నేననను. ఎలా చేయాలో చెబుతాను.

తడి మట్టి మిత్రుడు, పొడి మట్టి శత్రువు

మట్టిలో, పూతల్లో 'సిలికా' అనే పదార్థం ఉంటుంది. మన పొలాల్లో కనిపించే తెల్లని పలుగురాయి అంతా దాదాపు ఇదే. సముద్రపు ఇసుకలోనూ ఇదే ముఖ్యం. గూడూరు ప్రాంతపు తీరంలో, చిల్లకూరు, కోట వైపు దొరికే తెల్ల ఇసుక గాజు పరిశ్రమకు పనికివచ్చేది అందుకే.

మరి సముద్రపు ఒడ్డున రోజూ ఇసుకలో నడిచే బెస్తవారికి ఈ జబ్బు ఎందుకు రాదు? ఇక్కడే కీలకం ఉంది. ఒడ్డున ఉండే ఇసుక రేణువు పెద్దది. అది ముక్కును దాటి లోపలికి పోలేదు. పోయినా తుమ్ముతో, కళ్లెతో బయటపడుతుంది. అదే ఇసుకను మిల్లులో మైదాపిండిలా విసిరితే మిల్లీమీటరులో రెండు వందో వంతు కంటే చిన్న నలుసులు పుడతాయి. అవి మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. కంటికి కనపడవు. గాలిలో గంటల తరబడి తేలతాయి. ఊపిరితో పాటు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. అక్కడ శరీరపు కాపలా కణాలు వాటిని మింగుతాయి గాని అరిగించుకోలేవు. ఆ కణాలే చస్తాయి. ఆ చోట మచ్చ కడుతుంది. అట్లా మచ్చ పక్కన మచ్చ ఏర్పడి, స్పంజిలాంటి ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు.

మట్టి తడిగా ఉన్నంతసేపూ ఈ నలుసులు నీటిలో బందీలు. పిసికినా, సారె మీద తిప్పినా, బొమ్మ మలిచినా ఊపిరికి ప్రమాదం లేదు. అది ఎండి, మీరు దాన్ని గీకినప్పుడు, రుద్దినప్పుడు, ఊడ్చినప్పుడు, పొడి బస్తా విప్పి గుమ్మరించినప్పుడు మాత్రమే ప్రమాదం. కాబట్టి ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటానంటే ఇది గుర్తు పెట్టుకోండి: తడి మట్టి మిత్రుడు, పొడి మట్టి శత్రువు.

మన రాయలసీమలో ఈ శత్రువుకు బలం ఎక్కువ. తీరంలో గాలి చెమ్మగా ఉంటుంది. మట్టి నెమ్మదిగా ఆరుతుంది. కర్నూలు, కడపలలో మార్చి దాటితే గాలిలో చెమ్మే ఉండదు. ఉదయం చేసిన బొమ్మ మధ్యాహ్నానికి ఎండుతుంది. తడిమీద చేయవలసిన పని పొడిమీద చేయవలసి వస్తుంది. టీచరుగారు తీరాన్ని తలచుకుంటూ చేస్తున్నారే గాని, తీరంలోని చెమ్మ ఆమె గదిలో లేదు.

రెండో రోగి

ఇంటి మట్టిపనికి సిలికోసిస్ వస్తుందా అని భయపడకండి. వారానికి కొన్ని గంటలు తడిమట్టితో చేసేవారికి ఆ ప్రమాదం చాలా తక్కువ. టీచరుగారికి వచ్చింది జబ్బు కాదు, దుమ్ము వల్ల గొంతు, శ్వాసనాళాలు రేగడం. కాని ఆమె వాడే పలుగురాతి పొడి తెచ్చి ఇచ్చే మనిషి సంగతి వేరు.

"మా పొడి తెచ్చే అబ్బాయికి కూడా దగ్గే డాక్టరుగారూ, ఒకసారి చూస్తారా?" అని ఆమే పంపించారు. అబ్బాయంటే నలభై ఏళ్ల మనిషి. ఓపీ గది దాకా వచ్చేసరికి మెట్ల మీద రెండుసార్లు కూర్చున్నాడు.

"మెట్లెక్కితే దమ్మొస్తాంది సార్. టీబీ అని రెండుసార్లు కోర్సు వాడించినారు. ఈసారి గూడ టీబీనే అంటారా?"

ఎంతకాలం ఏం పని చేశాడని అడిగాను. పన్నెండేళ్లు రాయి పొడి చేసే మిల్లులో. ముఖానికి తువ్వాలు చుట్టుకునేవాడట. సాయంత్రం అందరికీ ఒక బెల్లం ముక్క ఇచ్చేవారట, దుమ్ము పోతుందని. ఎక్స్‌రే చూస్తే రెండు ఊపిరితిత్తుల పై భాగంలోనూ గసగసాలు చల్లినట్టు మచ్చలు. కళ్లెలో క్షయ క్రిములు లేవు. అది సిలికోసిస్.

ఈ జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. పని మానేసినా కొందరిలో అది ముదురుతూనే ఉంటుంది. సామాన్యంగా పదేళ్లకు పైగా దుమ్ములో పనిచేసినవారికి వస్తుంది. దుమ్ము మరీ దట్టమైతే కొద్ది ఏళ్లకే రావచ్చు. సిలికా చేరిన ఊపిరితిత్తికి క్షయ కూడా తేలికగా పట్టుకుంటుంది. అందుకే డాక్టర్లు రెండింటినీ తికమక పడతారు. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. ఈ దుమ్ము వల్ల ఊపిరితిత్తుల క్యాన్సరు కూడా వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లో నిర్ధారించింది. సిగరెట్టో బీడీయో తోడైతే చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో స్టోక్ పట్టణపు పింగాణీ కార్మికులలో ఈ జబ్బు ఎంత సాధారణమంటే దాన్ని 'కుమ్మరి కుళ్లు' అని పిలిచేవారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలకబలపాలు కోసే కార్మికులలో ఇది విపరీతంగా ఉన్నట్టు 1980లలో పరిశోధకులు బయటపెట్టారు. పలకలంటే మనకు గుర్తుకొచ్చేది మార్కాపురం. 1970 దాకా అది మన కర్నూలు జిల్లాలోనిదే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను, సీసపు విషాన్ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చారు. జబ్బు పేరు కాగితం మీద ఎక్కితేనే కార్మికుడికి హక్కు పుడుతుంది. టీబీ అని రాసినంతకాలం ఏ హక్కూ పుట్టదు. అందుకే సరైన పేరు రాయించుకోవడం మందు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

మెరుపు వెనక ఏముంది?

ఇప్పుడు శంఖం మీది మెరుపు సంగతి. పూతను 'గ్లేజు' అంటారు. గాజులా కరగడానికి అందులో సిలికాతో పాటు దాన్ని కరిగించే పదార్థం ఉండాలి. తక్కువ వేడికే కరిగి, అద్దంలా మెరవాలంటే పూర్వం సీసం కలిపేవారు. సింధూరం అని మనం పిలిచే ఎర్ర పొడి సీసమే. ఇప్పుడు సీసం లేని పూతలు దొరుకుతున్నాయి. అయినా పేరూ వివరమూ లేని పొట్లాలలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

టీచరుగారి దగ్గర అలాంటి పొట్లాలు రెండు ఉన్నాయి. మనవడికి నెల రోజులుగా కడుపునొప్పి, మలబద్ధకం అని విన్నాక రక్తంలో సీసం పరీక్ష చేయించాను. డెసిలీటరుకు 7 మైక్రోగ్రాములు వచ్చింది. 5 దాటితే, సీసం ఎక్కడినుంచి వస్తున్నదో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పిల్లల మెదడుకు ఇంత సీసం ఫరవాలేదు అనే హద్దు లేదు. ఆ పొట్లాలు తీయించి, పిల్లవాణ్ణి ఆ గదిలోకి రానివ్వకుండా చేశాం. ఎనిమిది నెలలకు 4కు దిగింది. ఇంజక్షన్లు అవసరం కాలేదు. ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

పెద్దలలో సీసం ఎక్కువైతే కడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తహీనత, చిగుళ్ల మీద నీలి గీత, మణికట్టు వాలిపోవడం కనిపిస్తాయి. గర్భిణి ఒంట్లో చేరితే కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

మన ప్రాంతానికి దగ్గరి సంగతి మరొకటి. ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేట ముగ్గురాయి ప్రపంచ ప్రసిద్ధం. అది బేరియం సల్ఫేటు. నీటిలో కరగదు కాబట్టి, శుద్ధి చేసిన బేరియం సల్ఫేటును ఎక్స్‌రే కోసం రోగుల చేత తాగిస్తాం కూడా. కాని గ్లేజుల్లో వాడేది బేరియం కార్బొనేటు. పేరులో సగం ఒకటే. ఇది మాత్రం ఎలుకల మందుగా వాడిన విషం. కడుపులో ఆమ్లానికి కరిగి, కండరాలను, గుండెను దెబ్బ తీస్తుంది. "ముగ్గురాయే కదా" అని వంటింటి డబ్బాలో పోసి పెట్టకండి. మాంగనీసు, కోబాల్టు రంగు పొడులనూ ఇదే జాగ్రత్తతో చూడాలి.

ఏం చేయాలి?

మట్టి ఆరకుండా: కిటికీలు మూయడం కాదు, బొమ్మను కప్పండి. తడి గోనెపట్టా, దాని మీద ప్లాస్టిక్ కాగితం కప్పితే మన ఎండలో కూడా రెండు మూడు రోజులు పదునుగా ఉంటుంది. చెప్పు తోలంత గట్టిపడినప్పుడే గీకుడు, చెక్కుడు ముగించండి. పూర్తిగా ఎండితే తడి స్పంజితో నునుపు చేయండి. ఉప్పుకాగితం వద్దు.

చీపురు బహిష్కారం: పని గదిలో చీపురు కనపడకూడదు. నేలను, బల్లను తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డను ఎండిపోనీయకుండా బకెట్లో ఝాడించండి. ఆ నీటిని తేరనిచ్చి, అడుగు మట్టిని మళ్లీ వాడుకోండి. ఫ్యాను కట్టేసి పొడులు కలపండి. నీళ్లలో పొడి వేయండి, పొడిలో నీళ్లు కాదు.

ముఖానికి: తువ్వాలు, చీర కొంగు ఈ నలుసులను ఆపవు. కోవిడ్ రోజుల్లో మనకు తెలిసిన ఎన్95 మాస్కు, ముక్కు దగ్గర సందు లేకుండా బిగించి, పొడి పనికి వాడండి. అయినా మాస్కు రెండో కాపలా మాత్రమే. మొదటి కాపలా నీళ్లు.

బట్టలు, తిండి: పనికి వేరే పాత బట్టలు పెట్టుకోండి. వాటిని దులపకుండా విడిగా ఉతకండి. ఆ గదిలో కాఫీ, టిఫిను, తాంబూలం వద్దు. చేతులు సబ్బుతో కడిగి, గోళ్లు శుభ్రం చేసుకుని గాని అన్నం కలపకండి.

ఆవం దగ్గర: కట్టెలతోనైనా, రంపపు పొట్టుతోనైనా కాల్చడం ఆరుబయటే. మూసిన చోట కాలిస్తే వాసన లేని విషవాయువు కమ్మి, నిద్రపోయినట్టే ప్రాణం పోతుంది. కరెంటు కొలిమి ఉన్నా గాలి బయటకు పోయే దారి ఉండాలి. ఎర్రగా కాలే కొలిమిలోకి ఉత్త కళ్లతో పదే పదే చూస్తే ఏళ్ల మీద కంటిలో శుక్లం వస్తుంది. తగిన ముదురు అద్దం పెట్టుకోండి. కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లని నీటి కింద పెట్టండి. సిరా, పేస్టు, పిండి పూయకండి.

ఎండాకాలంలో: రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఆవం ముట్టించే పని తెల్లవారుజామున పెట్టుకోండి. ఉప్పు వేసిన మజ్జిగ, లేదా లీటరు నీటిలో కలిపిన ఓఆర్ఎస్ పొట్లం దగ్గర ఉంచుకోండి. తల తిరిగి, మాట తడబడితే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

నడుము: మట్టి పిసికే బల్ల నడుము ఎత్తు ఉండాలి. నేల మీద వంగి గంటల తరబడి పిసికితే నడుము, మణికట్టు రెండూ మొరాయిస్తాయి. అరగంటకొకసారి లేచి నడవండి.

తరచు అడిగే ప్రశ్నలు

వినాయక చవితికి పిల్లల చేత మట్టి బొమ్మ చేయించవచ్చా?
నిక్షేపంగా. తడిమట్టి కదా. చేతికి గాయముంటే వద్దు. చెరువు మట్టిలో ధనుర్వాత క్రిములుంటాయి, టీకా సరిగా పడిందో లేదో చూసుకోండి. రంగు వేయకపోయినా దేవుడేమీ అనుకోడు.

మా అమ్మమ్మ నాటి ఊరగాయ జాడీ వాడవచ్చా?
ఎక్కువ వేడి మీద కాల్చిన గట్టి జాడీలకు ఉప్పుతో మెరుపు తెప్పించేవారు. అవి మంచివే. పెచ్చులూడినవి, మెరుపు మాసినవి పక్కన పెట్టండి. అలంకారానికి కొన్న రంగురంగుల గిన్నెల్లో మాత్రం పులుసు, నిమ్మకాయ, పెరుగు పోయకండి. పులుపు సీసాన్ని లాగుతుంది.

బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందా?
బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తిలోకి. దారులు వేరు. బెల్లం ఇచ్చే యజమాని ఆ డబ్బుతో రాతి మీద నీళ్లు చల్లిస్తే మేలు.

వృత్తిగా చేసేవారు ఏ పరీక్షలు చేయించుకోవాలి?
పొడి పని రోజూ చేసేవారు మొదట ఒకసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి బలం కొలిచే పరీక్ష చేయించుకుని దాచుకోండి. తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ. పాత ఎక్స్‌రేలు పారేయకండి. పోల్చి చూస్తేనే మార్పు తెలుస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష తప్పనిసరి.

టీచరుగారు ఇప్పుడు వరండాలో, తడి గోనెపట్టాల మధ్య పని చేస్తున్నారు. ఆరు వారాల్లో దగ్గు తగ్గింది. మట్టి పని మానేయమంటానేమోనని భయపడి మొదట నాకు చెప్పలేదట. అరవై దాటిన వేళ్లకు మట్టిని మించిన వ్యాయామం నేను రాసివ్వలేను; మానేయమని ఎందుకంటాను?

పొడి తెచ్చే మనిషి ఇప్పుడు మిల్లు పనికి గాని, బస్తాలు మోయడానికి గాని పోవడం లేదు. కింది గదిలోనే అతన్ని చూస్తున్నాను, మెట్లెక్కలేడు కనుక. బీడీ మానిపించాను. న్యుమోనియా టీకా వేయించాను. క్షయ వస్తుందేమోనని ఒక కన్ను వేసి ఉంచాను. అతని కాగితాల మీద జబ్బు అసలు పేరు రాశాను. అంతకంటే ఎక్కువ చేయగలిగితే బాగుండేది.

శంఖం నా టేబులు మీదే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఎదుటి రోగిని ఏం పని చేస్తారని అడుగుతున్నాను. మీరు కూడా ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, ఆయన అడగకపోయినా సరే, మీ చేతులు రోజంతా ఏం చేస్తాయో, ఎక్కడ కూర్చుని చేస్తాయో చెప్పండి. సగం రోగ నిర్ణయం ఆ మాటలోనే ఉంటుంది.